ముఖం చూపితేనే కదిలే బండి

“ఆ స్కార్ఫు కాస్త కిందికి దించమ్మా. నీ ఒక్కదాని కోసం బండి ఆగిపోయింది,” అంది కండక్టరమ్మ.

కమ్మీ పట్టుకుని నిలబడ్డ అమ్మాయి కదల్లేదు. ముక్కు మీదుగా చుట్టిన స్కార్ఫును మెడ వెనక గట్టిగా ముడేసుకుంది. కళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. తలుపు పైనున్న కెమెరాకు వీపు తిప్పేసింది.

బస్సుల్లో ముసుగు దొంగలు ఎక్కువయ్యారని ఈమధ్యే ఆ రూలు పెట్టారు. ఎక్కిన ప్రతి మనిషీ కెమెరాకు ముఖం చూపించాలి. ముందున్న నల్లద్దాల గదిలో డ్రైవరు తన తెర మీద చూసి మీట నొక్కితే ఎర్ర దీపం పచ్చబడుతుంది. అప్పటిదాకా బండి కదలదు, మూసుకున్న తలుపు తెరుచుకోదు. పాత డ్రైవరు మొహమాటస్తుడు. పంటినొప్పి అన్నా, జలుబు అన్నా చూసీచూడనట్టు నొక్కేసేవాడు. ఈ రద్దీ రూటంటే అందరూ తప్పించుకు తిరుగుతుంటే, కొత్తాయన అడిగి మరీ వేయించుకున్నాడు. ఒక్కో ముఖాన్నీ నిదానంగా చూస్తేగానీ దీపం మార్చడు. నోరు మాత్రం విప్పడు, కండక్టరమ్మ మైకులో ఏం చెప్పినా గంట కొట్టడమే జవాబు. పని మీద ఇంత శ్రద్ధ ఉన్న మనిషి దొరకడం తన అదృష్టమనుకుంది కండక్టరమ్మ.

లోపల గంట మోగింది.

“ఏమ్మా, మా ముఖాలు మేం చూపించలేదా?” అన్నాడు కుట్టుమిషను తలని ఒళ్ళో పెట్టుకు కూర్చున్న టైలరు. “నా ముఖం చూసి చూసి ఆ కెమెరాకే విసుగొచ్చుంటుంది. అయినా చూపించాను.”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. వెనక సీట్లో టోపీ పెట్టుకున్న ఒకతను మాత్రం నవ్వలేదు. అమ్మాయి ఎక్కినప్పటి నుంచీ కళ్ళార్పకుండా ఆమెనే చూస్తున్నాడు.

“నన్ను దింపేయండక్కా,” అంది అమ్మాయి చాలా చిన్న గొంతుతో.

“తలుపు నా చేతిలో లేదు తల్లీ. ముఖం చూపిస్తేనే అది తెరుచుకునేది. ఎందుకింత భయం? ఏం చేశావు?”

“నేనేం చెయ్యలేదు. ఇంట్లోంచి వచ్చేశాను. మా ఆయన కంటబడితే నన్ను చంపేస్తాడు.”

కండక్టరమ్మ దగ్గరికి జరిగింది. అమ్మాయి కణత మీద, స్కార్ఫు అంచు దగ్గర, కమిలిన దెబ్బ కనిపించింది.

“ఎక్కడికి వెళ్తున్నావు?”

“వంతెన దగ్గరికి. మా పిన్ని వచ్చి నిలబడుతుంది. అక్కడికి చేరితే చాలు.”

“ఈ బస్సులో ఉన్నాడా అతను?”

అమ్మాయి సీట్లన్నీ భయంభయంగా చూసింది. “కనబడలేదు. కానీ ఆయనకు తెలిసినవాళ్ళు ఏ బస్సులోనైనా ఉంటారు. మైకులో మాత్రం ఏం చెప్పకండి.”

కండక్టరమ్మ వెనక సీటు వైపు చూసింది. టోపీ మనిషి చప్పున కిటికీ వైపు తిరిగాడు. దాంతో ఆమెకు అంతా అర్థమైపోయినట్టనిపించింది. రూలు తప్పితే ఉద్యోగం ఊడుతుంది. తప్పకపోతే ఈ పిల్ల ప్రాణం మీదికొస్తుంది. రెండూ దక్కే ఉపాయం తట్టేసరికి తన తెలివికి తనే మురిసిపోయింది.

“ఇలా రా. మూలకి నిలబడు. నేను అడ్డంగా నిలబడతాను. ఈ బస్సులో ఒక్కడికి కూడా నీ ముఖం కనబడదు. కెమెరాకి మాత్రం చూపించు, అంతే.”

“వద్దక్కా.”

“నా మాట విను. నేనున్నానుగా.”

మళ్ళీ గంట మోగింది. కండక్టరమ్మ భుజాలు వెడల్పు చేసి, అందరికీ వీపు పెట్టి నిలబడింది. అమ్మాయి ముడి విప్పి, స్కార్ఫు దించి, తల పైకెత్తింది. పెదవి చిట్లి ఉంది. చిన్న ముఖం.

దీపం ఎర్రగానే ఉంది. కెమెరా మొరాయిస్తోందేమో అనుకుంది కండక్టరమ్మ. టైలరు విసుక్కున్నాడు. ఎంతో సేపటికి దీపం పచ్చబడి, బండి మెల్లగా కదిలింది.

అమ్మాయి గబగబా స్కార్ఫు బిగించుకుని కండక్టరమ్మ సీటు పక్కనే ఒదిగి కూర్చుంది. తర్వాతి స్టాపు వస్తుంటే టోపీ మనిషి లేచి ఇటే వచ్చాడు. కండక్టరమ్మ టికెట్ల మిషను గట్టిగా పట్టుకుంది, అవసరమైతే నెత్తిన ఒకటి ఇద్దామని. అతను తలుపు దగ్గర ఆగి, సిగ్గుపడుతూ అన్నాడు.

“ఏమనుకోకండి. మా చెల్లెలు కూడా అచ్చం ఇలాగే ముసుగేసుకుని ఇంటికొచ్చింది ఒకసారి. అందుకే చూస్తుండిపోయాను. జాగ్రత్తమ్మా.”

అతను దిగి వెళ్ళిపోయాడు. కండక్టరమ్మ ఊపిరి పీల్చుకుంది. పాపం, మంచివాణ్ణి అనుమానించానే అని నొచ్చుకుంది కూడా.

“చూశావా, ఉత్త భయం. ఈ బస్సులో నిన్ను తినేసేవాళ్ళెవరూ లేరు. ఇంకొక్క స్టాపు.”

అమ్మాయి మొదటిసారి నవ్వింది. కిటికీలోంచి వంతెన కనిపించగానే లేచి నిలబడింది. స్టాపులో గొడుగు పట్టుకున్న పెద్దావిడ బస్సును చూసి ముందుకొచ్చింది.

“అదిగో మా పిన్ని.”

కండక్టరమ్మ గంట కొట్టింది. బండి వేగం తగ్గలేదు. మళ్ళీ కొట్టింది. గొడుగు పట్టుకున్న ఆవిడ చెయ్యెత్తి, కేకలేస్తూ నాలుగడుగులు పరుగెత్తి వెనకబడిపోయింది.

“ఈయనకేమైనా చెవుడా? పై స్టాపులో నేనూ దిగాలి,” అన్నాడు టైలరు.

కండక్టరమ్మ మైకు నొక్కింది. “అన్నయ్యా, వంతెన దాటిపోయాం. బండి ఆపండి. ఇక్కడొకమ్మాయి దిగాలి.”

ఈసారి గంట మోగలేదు. మైకు గరగరమంది. కొత్త డ్రైవరు గొంతు ఆమె వినడం అదే మొదలు.

“నా పెళ్ళాం ఎక్కడ దిగాలో నాకు తెలుసు.”