నాన్న మడుగు

"ఆ సీసా ఇటివ్వు," అన్నాడు మర్డో.

ఇన్నెస్ వినిపించుకోలేదు. మూత తీసి నోటి దగ్గర పెట్టుకోబోయాడు. మర్డో రెండంగల్లో వచ్చి సీసా లాక్కుని, విస్కీ మొత్తం నదిలో ఒంపేశాడు.

"నీ సొమ్మేం పోయింది? చలికి చస్తుంటే ఒక్క గుక్క తాగనివ్వవా?"

"తాగకు. అంతే."

అన్నదమ్ములు మాట్లాడుకుని ఏళ్లయింది. నాన్న పోయిన ఏడాదే ఇన్నెస్ తన వాటాకొచ్చిన నది ఒడ్డును ఓ లండన్ ఆసామికి అమ్మేసి ఎడిన్‌బరో వెళ్లిపోయాడు. అప్పట్నుంచి తను ఈత నేర్చుకున్న మడుగులో గాలం వేయాలన్నా మర్డో ఆ ఆసామి మేనేజర్ ముందు టోపీ తీసి నిలబడాలి. ఈ పూటకి కూడా అలాగే నిలబడి వచ్చాడు. నాన్న మడుగులో ఒక్కపూట ట్రౌట్ చేపలు పట్టనిస్తేనే ఊళ్లో అడుగుపెడతానన్నాడు తమ్ముడు.

ఆ ఏడాదికి ట్రౌట్ పట్టనిచ్చే ఆఖరి వారం అదే. బర్చ్ చెట్ల ఆకులు పసుపు తిరిగి నీళ్ల మీద కొట్టుకొస్తున్నాయి. ఎగువన వాన పడిందేమో, నది టీ రంగులో పొంగి ఉంది.

ఇన్నెస్ గాలం విసిరాడు. ఎరగా ఈకలతో కట్టిన ఈగ బొమ్మ గాల్లో తేలి, చప్పుడు లేకుండా నీటి మీద వాలింది. అంత అందంగా విసరడం చూసి మర్డోకి ఇంకా ఒళ్లు మండింది.

"నీ దారం చూడు, బట్టలారేసే తాడులా ఉంది," అని నవ్వాడు ఇన్నెస్. "నాన్న గాలం నీకిచ్చి దండగ."

"ఒడ్డు నీకివ్వడం కన్నా నయమే."

అవతల బండ పక్కన పెద్ద ట్రౌట్ ఒకటి పైకి లేచి, ఆకు కింద మెరిసి మునిగింది. ఇన్నెస్ దానివైపు నడిచాడు. నీళ్లు తొడలు దాటాయి.

"అక్కడితో ఆగు! బండ దాటితే నిలువులోతు."

"నాకు చెప్తున్నావా? పుట్టింది ఇక్కడే."

"పుట్టినచోటు అమ్ముకున్నావుగా!"

ఇన్నెస్ ముఖం జేవురించింది. కావాలనే ఇంకో అడుగు వేశాడు. కాలు జారింది. మరుక్షణం నీటి మీద టోపీ తప్ప ఏమీ లేదు.

మర్డో కదల్లేదు. ఇన్నేళ్లూ తను కోరుకున్నది ఇదే. చూసేవాళ్లు కూడా లేరు.

అంతలోనే చేతిలో గాలం వదిలేసి దూకాడు. నది వాణ్ణి ఇటు, తనని అటు లాగింది. మోచెయ్యి బండకి కొట్టుకుని చీరుకుపోయింది. ఎలాగో కాలర్ దొరకబుచ్చుకుని, ఈడ్చుకొచ్చి రాళ్ల మీద పడేశాడు.

"దెబ్బ తగిలిందా? వెనక్కి తిరుగు!" మర్డో తమ్ముడి చొక్కా పైకెత్తి వీపు, నడుము తడిమి చూశాడు. ఒడ్డున విప్పి పెట్టిన తన పొడి కోటు తెచ్చి వాడికి చుట్టాడు. తన మోచేతి నుంచి రక్తం కారుతోంది.

"నాన్న గాలం కొట్టుకుపోయింది," అన్నాడు ఇన్నెస్ దగ్గుతూ.

"పోనీ."

"నేనూ పోయుంటే నీ పగ తీరేది."

"నీ మీద పగ నేను చచ్చినా తీరదు. లే, కారెక్కు."

ఇన్నెస్ లేవలేదు. పళ్లు టకటకలాడుతుంటే, చిన్నప్పటి పిలుపుతో అడిగాడు.

"అన్నా... నాకోసమేనా దూకావు?"

తమ్ముడి తల తుడుస్తున్న మర్డో చెయ్యి ఆగింది. నదికేసి చూశాడు.

ఎల్లుండి పొద్దున మర్డో కూతురికి అమర్చాల్సిన కిడ్నీ ఇన్నెస్ ఒంట్లోనే ఉంది.