యైట్సే సంబంధం

“ప్లీవా నది ఏ నదిలో దూకుతుంది?” డ్రైవ్ చేస్తూ అడిగింది వేద.

“వర్బాస్‌లో,” అంది నాగమల్లేశ్వరి, చీర కుచ్చిళ్లు మూడోసారి సర్దుకుంటూ.

“ఊరి పేరుకి మీనింగ్?”

“చిన్న గుడ్డు. కోట ఉన్న కొండ అలా ఉంటుందట.”

“అమ్మా, నువ్వు పాస్.”

“నీకు నవ్వులాటగానే ఉంటుంది. ఆ పెద్దావిడ కాదంటే?”

భర్త బ్రహ్మయ్య పోయి తొమ్మిదేళ్లయింది. మంచీచెడూ మాట్లాడటానికి ఈ అమెరికాలో, క్యారీ ఊళ్లో పెద్దదిక్కు లేదు. మాచర్లలో ఉన్న అన్న శ్రీధర్, ఈ సంబంధం మాట వినగానే ఫోన్ ఎత్తడం మానేశాడు. మతం వేరు, భాష వేరు. ఎమిర్ బంగారంలాంటి మనిషే. కానీ అతని తల్లి రజియాకి పట్టింపులు ఎక్కువ. బోస్నియాలో యైట్సే అనే చిన్న ఊరు ఆమెది. యుద్ధమొచ్చి, కొడుకును వెంటబెట్టుకుని కట్టుబట్టలతో బయటపడిందట. ఇప్పటికీ ఆ ఊరంటే ప్రాణమట. అది విన్నప్పటినుంచీ నాగమల్లేశ్వరి కూర కలుపుతూ కూడా ఫోన్‌లో ఆ ఊరి చరిత్రే వింటోంది.

ఎమిర్ తలుపు తీశాడు. వేద చనువుగా అతణ్ని కౌగిలించుకుంది. లోపల రజియా రాగి గిన్నెలోంచి కాఫీ వంచి, నాగమల్లేశ్వరిని ఎదురుగా కూర్చోబెట్టింది. రజియా తన భాషలో అడిగినదాన్ని ఎమిర్ ఇంగ్లీషులో చెప్పాడు.

“మా ఆఖరి రాజు ఏమయ్యాడు?”

“పద్నాలుగు వందల అరవై మూడులో సుల్తాను తల తీయించాడు.”

రజియా మొహం మారలేదు. “చదివింది ఎవరైనా చెబుతారు. ఊరి నడుమ జలపాతముంటే ఇళ్లల్లో ఎలా ఉంటుందో చెప్పు.”

అది ఏ వీడియోలోనూ లేదు. నాగమల్లేశ్వరి కప్పు కింద పెట్టింది.

“మా మాచర్ల దగ్గర ఎత్తిపోతల జలపాతం ఉంది. అక్కడ చంద్రవంక వాగు దూకుతుంది. ఆ హోరులో మా నాన్న ఎంత తిట్టినా మాకు వినబడేది కాదు. మీ ఊళ్లో మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోవడం కష్టమే అనుకుంటా.”

ఎమిర్ తన భాషలో చెప్పబోయి, నవ్వాగక మధ్యలో రెండుసార్లు తడబడ్డాడు. విన్నాక రజియా కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది.

“కిటికీలు మూసుకుని పోట్లాడుకునేవాళ్లం,” అంది.

నవ్వు తగ్గాక, తన వేలి నుంచి పాత వెండి ఉంగరం ఒకటి మెల్లగా లాగి తీసింది. “మా అత్తగారు నాకు పెట్టింది. ఇన్నేళ్లూ కోడలి కోసం ఉంచాను.”

వేద కళ్లు చెమర్చాయి. ఎమిర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

రజియా ఆ ఉంగరాన్ని నాగమల్లేశ్వరి వేలికి తొడిగింది. “ఇక నువ్వు పెళ్లికూతురివి, అమ్మా,” అంది వేద.