చిన్న పిట్టల లెక్క

"ఏమండీ, ఆ తీగకి వేలాడుతున్న చెత్తేమిటో ఒకసారి చూడండి."

"చెత్త అని నువ్వే అంటున్నావు. ఇంక నేను చూసేదేముంది?" అన్నారు మాస్టారు, అట్ట మీది కాగితం నుంచి తల ఎత్తకుండానే.

కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాక ఆయన చేపట్టిన పని ఇది. ఎక్కడైనా భవనం కట్టదలిస్తే, అనుమతి ఇచ్చే ముందు ఆ స్థలాన్ని నమ్ముకుని ఏయే ప్రాణులు బతుకుతున్నాయో నిపుణులు చూసి నివేదిక ఇవ్వాలి. అందులో పక్షుల వంతు మాస్టారిది. ఒక్కో చెట్టు కింద కాసేపు కదలకుండా నిలబడి, కనిపించినవీ వినిపించినవీ రాసుకోవాలి. గూడు ఉందని ఆయన రాస్తే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ చెట్టు జోలికి ఎవరూ వెళ్లకూడదు. ఏమీ లేదని రాస్తే మర్నాటికి అక్కడ మొదళ్లు కూడా మిగలవు.

ఈవేళ చూడవలసింది మూతపడిన కర్మాగారం వెనక, ప్రహరీ వెంబడి అడ్డదిడ్డంగా పెరిగిన చెట్ల వరస. అక్కడ కార్లు నిలిపే చోటు రావాలి. గేటు దగ్గర పసుపుపచ్చని యంత్రం అప్పుడే వచ్చి కూర్చుంది.

"కాకి, గువ్వ, పావురం. అంతే!" మాస్టారు నిట్టూర్చారు. "చిన్న పిట్ట ఒక్కటీ లేదు. ఈమధ్య ఎక్కడికి వెళ్లినా ఇదే వరస. తేనెపిట్టలు, పిచ్చుకలు, గిజిగాళ్లు, అన్నీ ఈ దుమ్ముకి తట్టుకోలేక ఎటో పోయాయి."

భార్య ఆయన మణికట్టు అందుకుని గడియారం మీట నొక్కింది. "టైమైపోయింది."

"చూశావా, మళ్లీ మోగలేదు! ఆ కొట్టువాడు రెండుసార్లు విప్పి చూసి, ఏ జబ్బూ లేదని తిప్పి పంపాడు. మోసగాడు!"

"ఈసారి నేను వెళ్లి కడిగేస్తాలెండి వాణ్ని."

పెళ్లయిన నాటి నుంచీ ఆవిడకి పెందలాడే లేవడమంటే తలనొప్పి. 'మీ పిట్టలకీ నాకూ పడదు' అని ముసుగు తన్నే మనిషి, నిరుడు వానలు వెలిసినప్పటి నుంచి ఫ్లాస్కు చంకన పెట్టుకుని ఆయన వెంట బయల్దేరుతోంది. ఇంట్లో తోచడం లేదట. దానికి కాస్త ముందే ఒక చికాకు జరిగింది. మాస్టారు ఏమీ లేదని రాసిన తోటలో, తనిఖీకి వచ్చిన అమ్మాయి ఒక గూడు పట్టుకుంది. 'నేను వచ్చేశాక కట్టుకుని ఉంటాయి' అని ఆయన వాదించారు గాని, ఆ పూట భోజనం మధ్యలోనే లేచిపోయారు. 'ఈ పని కూడా పోతే ఇంక నేనెవర్నే?' అన్నారు చేయి కడుక్కుంటూ. మర్నాడు ఆవిడ ఆయన కన్నా ముందే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

తనని ఓదార్చడానికే వస్తోందని మాస్టారికి తెలుసు. ఆ ప్రేమకి మనసు కరుగుతుంది గాని, ఆవిడ నోటికే ప్రాణం విసిగిపోతుంది. ప్రతి కొమ్మా వేలుపెట్టి చూపిస్తుంది. చూపించినదేమిటో మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు.

గేటు వైపు నుంచి కుర్ర ఇంజనీరు వచ్చాడు. "అయిపోయిందా సార్? మా డ్రైవరు కునికిపాట్లు పడుతున్నాడు."

"అయిపోయినట్టే. ఇక్కడేమీ లేవు. సంతకం ఒక్కటే మిగిలింది."

"ఏమీ లేవా?" ఇంజనీరు తలెత్తి చెట్ల వైపు చూశాడు. "అదేంటి సార్, పొద్దున్నుంచీ ఇక్కడ ఒకటే..."

"బాబూ," ఆవిడ అడ్డు తగిలింది, "గొంతు ఎండిపోతోంది. కాసిని మంచినీళ్లు తెచ్చిపెడతావా? నీకు పుణ్యముంటుంది."

అతను ఆవిడ చంకలోని ఫ్లాస్కు వంక ఒకసారి చూసి, గేటు వైపు వెళ్లాడు.

"ఫ్లాస్కు నిండా టీ ఉందిగా!" అన్నారు మాస్టారు.

"టీతో దాహం తీరుతుందిటండీ? అది సరే గాని, ఆ చెత్త..."

"మళ్లీ ఆ చెత్తేనా, తల్లీ!"

"నాకు తెలియకే అడుగుతున్నాను. గాలికి కొట్టుకొచ్చిన చెత్తకి కిటికీ ఎందుకండీ?"

సంతకం పెట్టబోతున్న కలం ఆగిపోయింది. మాస్టారు బైనాక్యులర్స్ ఎత్తారు. ఆయన చూపు కుర్రవాడి చూపని కంటి డాక్టరు మొన్ననే మెచ్చుకున్నాడు. ఎండుటాకులు, బెరడు ముక్కలు, వాటిని పట్టి ఉంచిన సాలీడు దారాలు. పక్కన చిన్న చూరు, దాని కింద రంధ్రం. ఆయన చూస్తుండగానే ఊదారంగు మెరుపొకటి వచ్చి వాలింది. లోపలి నుంచి రెండు ఎర్రని నోళ్లు తెరుచుకున్నాయి.

"తేనెపిట్టే! పిల్లలు కూడానే!" మాస్టారు బైనాక్యులర్స్ దించి ఆవిడ వైపు తిరిగారు. "ఇన్నేళ్లు నాతో కాపురం చేసి, గూడుని పట్టుకుని చెత్తంటావా?"

"మీరు చెబితే కదా నాకు తెలిసేది!"

ఆయన రాసిన వాక్యం కొట్టేసి కొత్తది రాశారు. పిల్లలకు రెక్కలొచ్చేదాకా ఈ వరసలో కొమ్మ కూడా విరవకూడదు. నీళ్లు తెచ్చిన ఇంజనీరు అది చదివి తల గోక్కున్నాడు. "పోనీలెండి సార్, ముందు వైపు నుంచే మొదలుపెడతాం," అని డ్రైవరుకి చేయి ఊపాడు. యంత్రం మూలుగుతూ వెనక్కి తిరిగింది. ఆవిడ ఒక్క గుక్క తాగి, మిగిలిన నీళ్లు తీగ మొదట్లో పోసింది.

యంత్రం కనుమరుగయ్యాక ఇద్దరూ ఆ చెట్ల కిందే కూర్చుని ఫ్లాస్కు మూతలో టీ పంచుకున్నారు.

"ఒకప్పుడు ఇలాంటి చోట నిలబడితే, చిన్న పిట్టల రొదలో పక్కవాడి మాట వినపడేది కాదే," అన్నారు మాస్టారు. "నువ్వేమో ముసుగు తన్ని పడుకునేదానివి. ఇప్పుడు నువ్వొచ్చే సరికి అంతా నిశ్శబ్దం. ఆ పాట నీకు వినిపించలేకపోయానన్న బాధ ఉండిపోయింది."

ఆవిడ తలెత్తి కొమ్మల వైపు చూసింది. తర్వాత ఆయన చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

"అవునండీ," అంది, కాస్త గొంతు పెంచి.

వాళ్ల తల మీద ప్రతి కొమ్మా సన్నని కిచకిచలతో మారుమోగిపోతోంది.