బొట్టు లేని బొమ్మ

“ఎవరే ఈ బొమ్మలో?” సీతామహాలక్ష్మి భుజాన బ్యాగ్ దించకుండానే అడిగింది.

“అమ్మ. ఒళ్లో ఉన్నది నేను,” అంది ఆరేళ్ల మేఘన.

మంచం పక్క గోడకు, పిల్ల మొహం ఎత్తులో పది రోజులుగా అంటించి ఉందా బొమ్మ; సీత కంట పడింది ఇవాళే. డ్రాయింగ్ మాస్టారిచ్చిన పాస్టెల్ ముక్కలతో వేసింది. సీత వేలు తగిలించగానే చీర నీలం వేలికంటుకుంది. నీలం చీర తనకూ ఉంది, ఆయాకూ ఉంది. కానీ బొమ్మలో మనిషికి బొట్టు లేదు. సీత రూపాయి బిళ్లంత ఎర్రబొట్టు లేకుండా గడప దాటదు. బొట్టు పెట్టుకోనిది కృపారాణి. చుండూరు నుంచి వచ్చి రోజంతా పిల్లను చూసుకుంటుంది, ఆదివారం మాత్రం చర్చికి పోతుంది.

ఏ అమ్మ అని అడగడానికి సీతకు నోరు రాలేదు. మేఘన ఆవిణ్ణి కృపమ్మ అంటుంది మరి. ఏడాదిగా ఆ పిలుపు సీతకు కంట్లో నలుసు. తనేమో పొద్దున్నే తెనాలిలో రైలెక్కి బాపట్ల ఆఫీసుకు పోవాలి, దీపాలు పెట్టాక ఇల్లు చేరాలి. ఈలోగా జడలు, గోరుముద్దలు, కథలు అన్నీ ఆ మనిషివే. కన్నది నేనూ, బొమ్మలో కూర్చున్నది ఆవిడా అనుకునేసరికి ఒళ్లు మండిపోయింది.

సాకు కూడా దొరికింది. పిల్ల పెదాలు మళ్లీ ఎర్రగా ఉన్నాయి. రంగు పుల్లైసులు కొనొద్దని కృపారాణికి అప్పటికే రెండుసార్లు చెప్పింది.

“నేనేం కొనలేదండి. ఆ ఎరుపు...” అంటూ కృపారాణి ఏదో చెప్పబోయింది.

“రేపట్నుంచి రావద్దులే,” అంది సీత.

కృపారాణి పిల్ల తల నిమిరి, సంచి తీసుకుని వెళ్లిపోయింది. మేఘన వెక్కి వెక్కి ఏడ్చింది. తను ఊరెళ్లినప్పుడు ఇందులో సగం ఏడ్చిందా అని సీతకు ఇంకా కుళ్లు పుట్టింది.

మర్నాడు సెలవు పెట్టింది. తనే జడ వేసి, తనే తినిపించి, కూతుర్ని బొమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ బొమ్మను కూడా తన వైపు లాక్కోవాలని ఉంది.

“దీనికి బొట్టు పెడదామా? అప్పుడు అచ్చం నాలాగే ఉంటుంది.”

మేఘన బుద్ధిగా రంగుల డబ్బా తెచ్చింది. ముక్కలన్నీ వేలెడేసి ఉన్నాయి. ఎరుపు మాత్రం గోరంత మిగిలింది.

“ఇదొక్కటే ఇంతలా అరిగిందేంటే?”

“బొట్టు రోజూ పెడుతున్నానమ్మా,” అంది మేఘన. “నువ్వొచ్చేదాకా ముద్దు పెట్టుకుంటానా, చెరిగిపోతోంది.”