బరాకా వాళ్లమ్మ కొట్టు

"బరాకా వాళ్లమ్మ ఎవరండీ?"

పెనం ముందున్న ఆమె తలెత్తలేదు. "చపాతీలు కాలుస్తున్నది ఎవరనుకున్నావు నాయనా, మేయరా?"

రోడ్డుకు అటుపక్క చేపలు కోస్తున్న మనిషి ఫక్కున నవ్వి, మళ్లీ కత్తి మీదికి వంగిపోయింది.

కంపెనీ తరఫున కొట్ల లెక్క రాయడానికి వచ్చిన ముటిసో ఆ మాటను పట్టించుకోలేదు. పొద్దున్నుంచి నైరోబీ ఎండలో తిరుగుతూ అందరి తిట్లూ తింటున్నాడు. వ్యాన్లు ఆగే ఈ స్టేజిలో కరెంటు బస్సుల డిపో వస్తోంది. రోడ్డు పక్క కొట్లన్నీ తీసేస్తారు. లెక్కకెక్కినవాళ్లకు కంపెనీ డిపో లోపల కొత్త కొట్టు ఇస్తుంది, కరెంటు పొయ్యితో సహా. షరతు ఒకటే. లెక్క రాసే వేళకు మనిషి తన కొట్లో ఉండాలి. ఇంతకుముందు వేరే పేటలో అన్న బదులు తమ్ముడు, అత్త బదులు కోడలు నిలబడి, ఒకే ఇంటివాళ్లు కొట్లన్నీ ఎగరేసుకుపోయారు. అప్పటినుంచి బదులు మనిషి చెల్లడు. ఉన్న కొట్టుకు ఆకుపచ్చ గీత, లేని కొట్టుకు ఎర్ర అడ్డగీత.

"ఫోన్ నంబరు చెప్పండమ్మా. తాళాలు ఇచ్చే రోజు మెసేజి వస్తుంది."

ఆమె మెడ వెనక్కి తిప్పి, కొట్టు నుదుటి మీద రంగుతో రాసిన అంకెలు ఒక్కొక్కటే చదివింది.

"సొంత నంబరు కూడా చూసి చెప్పాలా?"

"నాకు నేను ఫోన్ చేసుకుంటానా ఏం?"

ముటిసోకు నవ్వొచ్చింది. ఆమె ఇచ్చిన చపాతీ అందుకున్నాడు. ఒకవైపు మాడింది, ఇంకోవైపు పిండి పచ్చిగా ఉంది, అంచున నల్లటి వేలిముద్ర ఒకటి.

"ఇది తిని మళ్లీ వస్తారా జనం?"

"రుచికి రారు, ఆకలికి వస్తారు. సరే గానీ, కొత్త కొట్టు ఎక్కడ ఇస్తావు? లోపలి మూల మాత్రం వద్దు. ఈగలకు అమ్ముకోవాలి అక్కడ. బస్సెక్కే తలుపు దగ్గర ఇవ్వు."

"అది నా చేతిలో లేదమ్మా."

"రాసే చెయ్యి నీదేగా. తలుపు దగ్గర కావాలంది అని రాయి. ఇవ్వకపోతే పోయేదేముంది, సిరా చుక్కేగా."

ముటిసో రాశాడు. బేరం ఇలా ఆడే మనిషికి ఎక్కడ కొట్టిచ్చినా నిలబడుతుందనిపించింది.

"బరాకా బడికి వెళ్లాడా?"

ఆమె చేతిలో అట్లకాడ ఆగింది. "ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయాసం. రాత్రి ఊపిరి అందలేదు."

"అయ్యో! మరి మీరిక్కడ..."

"వాడి దగ్గర ఉండాల్సిన మనిషే ఉందిలే. ఇక్కడ ఎవరూ లేకపోతే కొట్టు పోతుందని మీరేగా చాటింపు వేశారు? డాక్టరు చెప్పాడు, పొగ పక్కన పెరిగితే వీడు బతకడని. అందుకే ఆ కరెంటు పొయ్యి కావాలి. అది రాయి ముందు."

ముటిసో అదీ రాసుకున్నాడు. కొట్టు పక్క రేకు మీద ఆకుపచ్చ గీత గీశాడు. పక్క కొట్టుకు వెళ్లాడు. తాళం వేసి ఉంది. 'నఫులా బొగ్గులు' అని రాసి ఉంది.

"ఈవిడెక్కడ?"

"ఎక్కడో ఉంటుంది. నోరు గల మనిషి, వీధిలో అందరితోనూ తగువే."

"ఫోన్ చేసి పిలవండి. నేను టీ తాగి వస్తాను, ఆలోపు వచ్చి నిలబడితే చాలు."

ఆమె ఆ మూసిన తలుపు వైపు చూసింది. పెనం మీద చపాతీ మాడుతున్న వాసన వచ్చింది.

"వద్దు. పిల్లా పాపా లేనిది. ఒక్క పొట్ట, ఎక్కడైనా గడుస్తుంది. అయినా బస్సులే కరెంటుతో నడిచే చోట బొగ్గులెవరు కొంటారు?"

"బొగ్గులే అమ్మనక్కర్లేదమ్మా. పళ్లు పెట్టుకోవచ్చు, కూరలు పెట్టుకోవచ్చు. కొట్టు మాత్రం వస్తుంది."

"పళ్లా?" అంది ఆమె, ఆ మాట ఎప్పుడూ విననట్టు. తర్వాత మాడిన చపాతీని విసురుగా తీసి పారేసింది. "వద్దన్నానా? నువ్వు కానివ్వు."

"సాటి ఆడమనిషి మీద అంత కక్షా? ఒక్క ఫోన్ చేస్తే ఆమె బతుకు నిలబడుతుంది."

"కక్షే అనుకో. ఇన్నేళ్లూ ఈ పొయ్యిలో కాలింది ఆవిడ బొగ్గే. ఆ పొగే వాడి గుండెల్లో చేరింది. ఆ బాకీ ఆవిడ కట్టుకోవాలా, వద్దా?"

ముటిసో సగం తిన్న చపాతీని బల్ల మీద పెట్టేశాడు. మూసిన తలుపు మీద ఎర్ర రంగుతో పెద్ద అడ్డగీత గీసి, వెనక్కి తిరిగి చూడకుండా తర్వాతి కొట్టుకు వెళ్లిపోయాడు.

అతను మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూ నిలబడింది. పొయ్యి ఆర్పింది. మిగిలిన పిండి మీద తడిగుడ్డ కప్పింది. నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, దులిపి, కొయ్యకు తగిలించింది.

తర్వాత నఫులా ఎర్ర అడ్డగీత పడిన తన కొట్టు దగ్గరికి నడిచి, తాళం తీసింది.