ఓదార్పు పెట్టె

సిరిసిల్లలో ప్రతి వంటింటి గోడకూ ఓదార్పు పెట్టె బిగించి మూడేళ్లయింది. ఇంటికి కష్టకాలమొస్తే అది ఏనాడో చైనాలో తావో సాధువులు రాసుకున్న పద్యాలను తెలుగులో, చల్లని గొంతుతో చదువుతుంది. సుగుణవ్వకు మాత్రం ఆ గొంతు వింటే నెత్తిన బల్లి పడ్డట్టే ఉండేది.

ఆ పొద్దున ఆమె బియ్యం చెరుగుతుంటే, ఎవరూ అడక్కుండానే పెట్టె మొదలుపెట్టింది.

"వాగు రాయితో తగవు పడదు. చుట్టు తిరిగి సముద్రాన్ని చేరుతుంది."

సుగుణవ్వ చేట పక్కన పడేసి, మిల్లుకు బయల్దేరుతున్న మొగుడు నాంపెల్లి చేతిలోంచి సద్దిగిన్నె లాక్కుంది.

"ఇయ్యాల డ్యూటీకి పోకు. మొన్న పక్కింటి రుక్కవ్వకు గిట్లనే చదివింది. రెండు దినాలకే ఆమె కొడుకు చెయ్యి మగ్గంల పడ్డది. దీనికి అన్నీ ముందే ఎరుక."

"మంచిమాట చెప్పినా అనుమానమేనానే? నాకైతే పానం నిమ్మళమైంది," అన్నాడు నాంపెల్లి.

అయినా ఆమె గడపకు అడ్డంగా కూర్చుంది. అతను గొణుక్కుంటూ మంచమెక్కాడు.

మధ్యాహ్నం మిల్లు నుంచి ఫోనుకు కబురొచ్చింది. చెప్పకుండా నాగా పెట్టినందుకు అతని మగ్గాలను మరమనిషికి అప్పగించారట. రేపటినుంచి రానక్కర్లేదట.

నాంపెల్లి గోడకు చేరగిలబడిపోయాడు. పెట్టె మరింత మెత్తగా రెండో చరణం ఎత్తుకుంది.

"ఎండిన వాగును ఇసుక ఒడిలో దాచుకుంటుంది."

దాని నోరు మూయించాలని సుగుణవ్వ ఎత్తిన రోకలి, ఆ మాటకు దానంతటదే కిందికి దిగింది. మనసు నిజంగానే చల్లబడింది. ఆమెకు అసలు భయం అప్పుడు వేసింది.