నెమలికంఠం ముక్క

"నేను లేనని సెప్పు," అంది గంగాభవాని, చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే.

కూతురు దివ్య గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. గేటు అవతల నిలబడ్డ దీవెనమ్మకు వరండాలో చేటా, చేట ముందున్న మనిషీ కనిపిస్తూనే ఉన్నారు.

"సూసేసిందమ్మా. పాపం, ఎండలో నిలబడింది."

"అయితే రమ్మను. నేను లేవలేను, మోకాళ్లు."

దీవెనమ్మ ఈ గేటు దాటి నాలుగేళ్లయింది. అంతకు ముందు వారానికి రెండుసార్లు వచ్చేది. ఈ వీధిలో ఆడవాళ్లందరి జాకెట్లూ ఆవిడ మిషను మీదే కుట్టుపడేవి. ఆ ఏడు గంగాభవాని ఐదు ముక్కలు ఇచ్చింది. నాలుగు జాకెట్లు కుట్టి వచ్చాయి. ఐదోది, నెమలికంఠం రంగు పట్టు ముక్క, రాలేదు. అది గంగాభవానికి తల్లి పెట్టిన ఆఖరి చీరతో వచ్చిన ముక్క. తల్లి పోయి అప్పటికి నెల కూడా కాలేదు. అస్తరు చాలక కుట్టలేదని, సంచిలో పెట్టే పంపానని దీవెనమ్మ మొత్తుకుంది. సంచి మంచం మీద బోర్లిస్తే నాలుగే ఉన్నాయి. మర్నాడు డ్వాక్రా మీటింగులో, ఇరవైమంది ముందు, గంగాభవాని ఆవిడను దొంగ అంది.

ఒక్క మాట. దాంతో వీధంతా ఆవిడ మిషను దగ్గరకు వెళ్లడం మానేసింది. ఇప్పుడు దీవెనమ్మ బజారులో ఎవరిదో బట్టల కొట్టు అరుగు మీద కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతోందని, కళ్లు సరిగా ఆనడం లేదని చెప్పుకుంటారు. గంగాభవాని కూడా వేరే టైలరు దగ్గరకు పోలేదు. పాత జాకెట్లతోనే నెట్టుకొస్తోంది. మీటింగులకు వెళ్లడమూ మానేసింది. రెండుమూడుసార్లు దీవెనమ్మ ఉండే సందు మొదటి దాకా నడిచి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చేసింది. కోపం మోయడానికీ ఓపిక కావాలి. ఆ ఓపిక ఆవిడకు ఎప్పుడో అయిపోయింది.

దీవెనమ్మ వరండా మెట్టు మీద కూర్చుంది. దివ్య ఇచ్చిన మంచినీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. ఒకప్పుడు వదినా అని పిలిచేది. ఈ రోజు ఏ పిలుపూ లేకుండానే మొదలుపెట్టింది. కిందటేడు చర్చిలో అయ్యగారు చెప్పిన వాక్యం సంగతి చెప్పుకొచ్చింది. దొంగ తిరిగి కట్టాలని అందరికీ తెలుసు. నమ్మి చేతికిచ్చిన వస్తువు పోయినా, పుచ్చుకున్నవాళ్లదే పూచీ అని కూడా ఉందట. ఆ రోజు ఇంటికొచ్చాక ఆవిడకు అన్నం సయించలేదట.

"నేను తియ్యలేదు. అప్పుడూ అదే సెప్పేను, ఇప్పుడూ అదే సెప్తన్నాను," అంది. "కానీ నా సేతికిచ్చేరు. సంచిలో పెట్టేననుకున్నాను, ఎక్కడ జారిపోయిందో. సూసుకోవలసింది నేనే కదా."

కాగితం పొట్లం విప్పింది. నెమలికంఠం రంగు పట్టు ముక్కలు, ఎర్ర అంచుతో, రెండు.

"పోయింది ఒకటే కదా," అంది గంగాభవాని.

"ఒకటికి రెండు ఇమ్మని ఉందంట. ఈ రంగు దొరకడానికే ఏడాది పట్టింది. సబ్బవరం తిరిగేను, మాడుగుల తిరిగేను. మాడుగులలో కొట్టువోడు, ఈ ఊరొచ్చి హల్వా అడగాలి గానీ పట్టు అడుగుతావేటమ్మా అన్నాడు."

దివ్య నవ్వింది. గంగాభవాని నవ్వలేదు. ముక్క అంచు వేళ్లతో తడుముతూ ఉండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అది చూసి దీవెనమ్మ గొంతు తగ్గించింది. "మీ అమ్మ పెట్టింది నేను తేలేను. నాకు తెలుసు. ఇవి ఉంచుకుని, ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోండి. మిషను అమ్మేయమని మా ఆయన పోరుతున్నాడు. ఆ మాట పోతే అమ్మను. మళ్లీ ఇంటికాడే కుట్టుకుంటాను."

"దీవెనమ్మా, ఆ ముక్క..." అని గంగాభవాని ఆగింది. దివ్య వైపు చూసింది. చేట వైపు చూసింది. "ఆ ముక్క సంగతి ఇంక వదిలెయ్యి. ఎవరూ ఏటీ అనరు. మీటింగులో నేనే సెప్తాను."

"ఏటని సెప్తావమ్మా?" అంది దివ్య.

గంగాభవాని బియ్యం అటూ ఇటూ కదిపింది. "ఇచ్చేసిందని సెప్తాను."

"ఇచ్చేసిందంటే తీసినట్టే కదా!"

దీవెనమ్మ మెట్టు అంచు పట్టుకుని మెల్లగా లేచింది. "పోనీలే పిల్లా. దొంగ అనడం కంటే అదే నయం," అంది. గేటు దగ్గర తిరిగి చూసి, "వత్తాను వదినా," అంది.

ఆవిడ చెప్పుల చప్పుడు వీధి మలుపు దాటేదాకా తల్లీకూతుళ్లు ఇద్దరూ కదల్లేదు.

"తాళం ఇలా ఇయ్యి, బీరువాలో నేను పెడతాను," అంది దివ్య.

"కింది అర నువ్వు కెలక్కు." గంగాభవాని మోకాళ్లు పట్టుకుని తనే లేచింది. పట్టు ముక్కలు తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. బొడ్లోంచి తాళం తీసి బీరువా తెరిచి, నేల మీద కూలబడి, కింది అరలో అడుగున ఉన్న దుప్పటి మడత విప్పింది.

ఆ రెండింటినీ అమ్మ పెట్టిన ముక్క మీద పెట్టింది.